మెతుకుసీమలో పెద్దచర్చి

పిల్లలూ, మీరు దణ్ణం పెట్టేటప్పుడు రెండు చేతులూ జోడిస్తారు గదా! ఇప్పుడు ఒక పని చెయ్యండి. మణికట్ల దగ్గర కాస్త ఎడం ఉంచి, పైన వేళ్ళకొసలు మాత్రం ఆనించండి. మధ్యన ఏమి కనిపిస్తున్నది? పైన మొన తేలిన చిన్న ద్వారం కనిపిస్తున్నది. ఒక చెయ్యి తీసేస్తే రెండోది ముందుకు తూలుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఆపుకుంటున్నాయన్నమాట. ఈ చిన్న కిటుకుతో మనుషులు రాతితో ఎంత ఎత్తు మందిరాలు కట్టారో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది.

మాది సికింద్రాబాదు. నేను చాలా ఏళ్ళు బడిపంతులుగా, ఆ తరువాత హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఊళ్ళో సెయింట్ మేరీ చర్చి అని ఒక పాత చర్చి ఉన్నది. దాన్ని 1840లో మొదలుపెట్టి 1850లో పూర్తిచేశారు. ఒకనాడు దాని ముందునుంచి నడుస్తూ ఉంటే, ఏడో తరగతి చదివే నా మనవరాలు ఆగిపోయింది.

"తాతయ్యా, ఈ కిటికీలు మన ఇంటి కిటికీల్లాగా లేవేం? పైన మొన తేలి ఉన్నాయేం?" అని అడిగింది.

"దాన్ని గోథిక్ పద్ధతి అంటారు," అన్నాను.

"అంటే?"

పేరు చెప్పినంత మాత్రాన జవాబు చెప్పినట్టు కాదని ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకు తెలియకపోలేదు. "అంటే ఏమిటో చూపిస్తాను. శనివారం మెదకు పోదాం," అన్నాను. నాకు మెదకు వెళ్ళటానికి మరో కారణం కూడా ఉన్నది. ఒక పాత తప్పు అక్కడ నాకోసం కాచుకుని ఉన్నది. దాని సంగతి తరువాత చెబుతాను.

శనివారం పొద్దున్నే జూబిలీ బస్ స్టేషనులో బస్సు ఎక్కాం. సికింద్రాబాదుకు మెదకు సుమారు 100 కిలోమీటర్లు. 2022లో మెదకుకు రైలు కూడా వచ్చింది గాని, మా మనవరాలికి కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళపేర్లు చదవటం సరదా. మేడ్చల్, తూప్రాన్ దాటాం. వరిచేలు కనిపించసాగాయి.

"మెదకు అంటే అర్థం ఏమిటి తాతయ్యా?"

"ఈ ప్రాంతాన్ని మెతుకుసీమ అంటారు. మెతుకు అంటే నీకు తెలుసుగా?"

"అన్నం మెతుకు!"

"అదే. ఆ మాట మరిచిపోకు. మనం చూడబోయే చర్చికీ ఆ మెతుకుకూ సంబంధం ఉన్నది."

ఊళ్ళోకి రాకముందే చర్చి శిఖరం కనిపించింది. మరోవైపు కొండమీద పాత కోట. బస్సు దిగి ఆవరణలో అడుగుపెట్టాక మా మనవరాలు మెడ వెనక్కి వాల్చి చూసింది, ఇంకా వాల్చింది, చివరకు టోపీ కింద పడిపోయింది! చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ముందున్న గంటల గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. లోపల 5,000 మంది కూర్చోవచ్చు. 1591లో కట్టిన మన చార్మినారు ఎత్తు సుమారు 160 అడుగులు. చార్మినారును మించి కట్టారని నవాబుగారికి కోపం వచ్చిందని ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. దాన్ని కథగానే వినాలి.

మా పక్కన ఒకాయన తన పిల్లలతో, "ఇది ప్రపంచంలోనే రెండో పెద్ద చర్చి," అంటున్నాడు. మా మనవరాలు నా మొహం కేసి చూసింది. ఇలాటి మాట విన్నప్పుడు కొలతలు చూడటం మంచిది. రోములోని సెయింట్ పీటర్ చర్చి పొడవు 600 అడుగులకు పైమాటే. ఇంగ్లండులో సాలిస్బరీ చర్చి శిఖరం 404 అడుగులు! కనక ఆ మాట నిజం కాదు. మెదకు చర్చి మన దేశంలోని పెద్ద చర్చిలలో ఒకటి, అంతవరకూ నిజం. దీని గొప్పతనం అడుగుల్లో లేదు.

దీన్ని కెథడ్రల్ అని కూడా అంటారు. కెథడ్రల్ అంటే పెద్ద చర్చి అని చాలామంది అనుకుంటారు. అది కాదు. "కథెడ్రా" అనే గ్రీకు మాటకు ఆసనం అని అర్థం. ఒక ప్రాంతంలోని చర్చిలన్నిటికీ పెద్ద అయిన బిషప్ ఆసనం ఏ చర్చిలో ఉంటే అది కెథడ్రల్. అది చిన్నదైనా కెథడ్రలే. మా సికింద్రాబాదు సెయింట్ మేరీ చర్చి కూడా ఒకప్పుడు కెథడ్రలే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మెదకు చర్చి ఆ సంఘంలో మెదకు బిషప్‌గారి కెథడ్రల్ అయింది.

ఇక మా మనవరాలి "అంటే?"కు జవాబు చెప్పవలసి ఉన్నది. ఆవరణలో నలుగురు పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ళను పిలిచాను. ఈ ప్రయోగం మీరూ చెయ్యవచ్చు.

ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టాను. చేతులు పైకెత్తి, అరచేతులు ఆనించి, ఒక్కొక్క అడుగే వెనక్కి వెయ్యమన్నాను. ఇద్దరూ కలిసి కమాను అయారు. మా మనవరాలు వాళ్ళ చేతులమీద తన బరువు వేసింది. ఏమైంది? చేతులు విడిపోలేదు గాని, కాళ్ళు వెనక్కి జారసాగాయి. అప్పుడు మిగిలిన ఇద్దరినీ వాళ్ళ మడమలకు అడ్డంగా గట్టిగా కూర్చోమన్నాను. కమాను కదలలేదు! కూర్చున్నవాళ్ళలో ఒకడు, "బరువంతా మామీదికే వస్తున్నది!" అని అరిచాడు.

"అదే పాఠం," అన్నాను.

కమాను మీద పడ్డ బరువు కిందికి మాత్రమే దిగదు, పక్కలకు కూడా తోస్తుంది. ఆ తోపును ఎవరో ఒకరు ఆపాలి. సగం చక్రంలాగా ఉండే కమాను పక్కలకు ఎక్కువగా తోస్తుంది. మొన తేలిన కమాను నిటారుగా ఉంటుంది కనక తక్కువగా తోస్తుంది. ఆ మిగిలిన తోపును ఆపటానికి గోడ బయట రాతి ఆనుళ్ళు కట్టారు. మరీ ఎత్తు చర్చిలకు గోడకు దూరంగా స్తంభాలు నిలిపి, వాటినుంచి గోడమీదికి సగం కమానులు గాలిలో వంచారు. మడమల దగ్గర కూర్చున్న పిల్లలు వీరే. మొన తేలిన కమానూ, బయటి ఆనుడూ, పైకప్పుకు రాతి ఈనెలూ, ఈ మూడూ కలిస్తే గోథిక్ పద్ధతి. ఫ్రాన్సులో పారిస్ దగ్గర సాందెనీ అనే చోట 1140 ప్రాంతాన ఈ మూడింటినీ కలిపి కట్టారు.

"అప్పుడు మన దగ్గర ఏమి కట్టేవాళ్ళు?" అని మనవరాలు అడిగింది.

ఇది మంచి ప్రశ్న. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడి వేయిస్తంభాల గుడి 1163 నాటిది. పారిస్‌లో నోత్రదామ్ అనే గొప్ప చర్చికి పునాది వేసింది కూడా 1163లోనే! ఇక్కడివాళ్ళకు అక్కడివాళ్ళ సంగతి తెలియదు, అక్కడివాళ్ళకు ఇక్కడి సంగతి తెలియదు. ఇద్దరికీ ఎదురైన చిక్కు మాత్రం ఒకటే: రాతితో పైకప్పు ఎట్లా వెయ్యాలి?

మన శిల్పులు స్తంభాలమీద రాతి దూలాలు పరిచారు. రాయి నలిపే బరువును ఎంతైనా ఓరుస్తుంది గాని, వంచే బరువును ఓర్చలేదు. దూలం మరీ పొడుగైతే నడుమ పగులుతుంది. అందుచేత స్తంభాలు దగ్గర దగ్గరగా నిలపాలి. అట్లా ఎన్నో స్తంభాలు వచ్చాయి, ఆ స్తంభాలమీద అద్దంలాటి నునుపూ, అందమైన చెక్కడాలూ వచ్చాయి. నోత్రదామ్ శిల్పులు కమానులు వంచారు. కమానులో ఏ రాయీ వంగదు, ప్రతి రాయీ పక్కరాయిని అదుముతుంది. కనక స్తంభాలు దూర దూరంగా ఉండవచ్చు. ఒకరు ఎక్కువా, ఒకరు తక్కువా కాదు. ఒకే లెక్కను రెండు విధాలుగా చేశారు.

ఆ రెండు కట్టడాలకూ తరువాత కష్టాలు వచ్చాయి. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని రాయి రాయిగా విప్పి మళ్ళీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. 2019 ఏప్రిల్ 15న మంటల్లో పైకప్పు పోగొట్టుకున్న నోత్రదామ్‌ను బాగుచేసి 2024 డిసెంబరులో తెరిచారు. అదే 2024 డిసెంబరు 25న మెదకు చర్చికి నూరేళ్ళు నిండాయి!

ఆ పాత రోజుల్లో యూరపులో ఇలాటి చర్చి కట్టటం ఒక తరంతో అయేపని కాదు. పెద్ద చెక్కచక్రం లోపల మనుషులు నడిచేవాళ్ళు. చక్రం తిరిగితే తాడు చుట్టుకుని రాయి పైకి లేచేది. ముందు కర్రతో కమాను ఆకారం చేసి, దానిమీద రాళ్ళు పేర్చి, నడినెత్తిన చివరి రాయి బిగించాక కర్రను తీసేసేవాళ్ళు. చలికాలంలో సున్నం గడ్డకట్టి చెడిపోతుందని గోడలమీద గడ్డీ పేడా కప్పి పని ఆపేవాళ్ళు. చాలాచోట్ల రాయి చెక్కినవాడు తన గుర్తు ఒకటి రాతిమీద గీసేవాడు. ఆ గుర్తులు లెక్కపెట్టి కూలి ఇచ్చేవాళ్ళు. జర్మనీలో కొలోన్ కెథడ్రల్‌ను 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారు. 632 ఏళ్ళు! ఫ్రాన్సులో బోవే అనే ఊరివాళ్ళు అందరికన్నా ఎత్తు కట్టాలని తొందరపడ్డారు. 1284లో పైకప్పు కూలింది. మళ్ళీ కట్టారు. 1573లో గోపురం కూలింది. ఆ చర్చి నేటికీ సగంలోనే ఉన్నది.

మెదకు చర్చి అంత పాతది కాదు. ఆ పాత పద్ధతిని చూసి మన కాలానికి దగ్గరలో కట్టినది.

లోపలికి వెళ్ళాం. నున్నగా చెక్కిన బూడిదరంగు రాతి స్తంభాలు రెండు వరసలుగా నిలబడి ఉన్నాయి. కింద ఇంగ్లండునుంచి తెచ్చిన ఆరు రంగుల పలకలు. వాటిని పరచటానికి ఇటలీనుంచి పనివాళ్ళు వచ్చారు. మూడు వైపులా మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. ఏసుక్రీస్తు పుట్టటం ఒకదానిలో, ఆయనను సిలువ వెయ్యటం ఒకదానిలో, ఆయన పరలోకానికి వెళ్ళటం ఒకదానిలో ఉన్నాయి.

బయటనుంచి చూసినప్పుడు ఆ కిటికీలు నల్లగా, దుమ్ము పట్టినట్టు ఉన్నాయి. లోపలికి వచ్చేసరికి నీలం, ఎరుపు, పసుపు మండిపోతున్నాయి. ఎందుచేత? వాటి వెలుగు వాటిది కాదు, సూర్యుడిది. అద్దం కరిగించేటప్పుడు కోబాల్టు కలిపితే నీలం వస్తుంది. రాగి కలిపితే ఎరుపో ఆకుపచ్చో వస్తుంది. ఎండలో ఉన్న రంగులన్నిటిలో అద్దం తన రంగును మాత్రం లోపలికి వదులుతుంది, మిగిలినవాటిని మింగుతుంది. ముక్కలను సీసపు పట్టీలతో అతికి బొమ్మ చేస్తారు. చదువు రానివాళ్ళకు ఈ కిటికీలే బొమ్మల పుస్తకాలు. బరువంతా స్తంభాలూ ఆనుళ్ళూ మోస్తున్నాయి కనకనే గోడలో ఇంత పెద్ద కిటికీ పెట్టటం వీలైంది. బయట మడమల దగ్గర ఒకరు కూర్చుంటేనే లోపలికి వెలుగు వస్తుందన్నమాట.

ఇప్పుడు మెతుకు సంగతి చెబుతాను.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లీషు పాదరి 1895లో సికింద్రాబాదు వచ్చాడు. మొదట తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిల మధ్య పనిచేశాడు. అది ఆయనకు తృప్తి ఇవ్వలేదు. పల్లెల్లో పనిచెయ్యాలని మరుసటి ఏడు మెదకు వెళ్ళాడు. మేము రెండున్నర గంటల్లో వచ్చిన దారి ఆ రోజుల్లో గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ రోజుల్లోనే మెదకు ప్రాంతంలో కరవు వచ్చింది. మెతుకుసీమలో మెతుకు లేదు! 1918లో దేశంలో చాలాచోట్ల వానలు కురవలేదు, దానికి తోడు ఇన్‌ఫ్లుయెంజా వచ్చి లక్షలాది మందిని పొట్టన పెట్టుకున్నది. ఆకలిగా ఉన్నవాళ్ళకు ఊరికే తిండి పెట్టటం కన్నా పని ఇచ్చి పెడితే వాళ్ళ మర్యాద నిలుస్తుందని పాస్నెట్ అనుకున్నాడు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1784లో అయోధ్యసీమలో పెద్ద కరవు వస్తే నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడా కట్టించి వేలమందికి తిండి పెట్టాడు. మెదకులో చర్చి మొదలైంది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళూ మగవాళ్ళూ రాళ్ళు మోశారు, సున్నం నూరారు, గోడలు లేపారు. సాయంకాలం ఇంటికి తిండి తీసుకుపోయారు. పదేళ్ళు పని సాగింది. 1924 డిసెంబరు 25న క్రిస్మస్ పండుగనాడు చర్చిని తెరిచారు.

ఇక నా పాత తప్పు.

సుమారు 1988లో, నేను ఇంకా చిన్న పంతులుగా ఉన్నప్పుడు, ఈ జిల్లాలో ఒక బడిలో పనిచేశాను. పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను: "మెదకు చర్చిని ఎవరు కట్టారు?" ఒక మార్కు. అందరూ "పాస్నెట్ దొర" అని రాశారు. వెనక బల్లమీద కూర్చునే ఒక పిల్లవాడు మాత్రం "మా తాత కట్టిండు" అని రాశాడు. నేను ఎర్ర సిరాతో సున్న చుట్టాను. అది చాలక, "కట్టిండు" కొట్టేసి పైన "కట్టాడు" అని కూడా దిద్దాను. కాగితాలు పంచినప్పుడు నలుగురూ నవ్వారు. ఆ పిల్లవాడు లేచి, "రాళ్ళు మోసిండు సార్, నిజంగ," అని మాత్రం అని కూర్చున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెబితే అబద్ధం అవుతుంది. హాయిగా పట్టింది. చాలా ఏళ్ళ తరువాత వ్యాకరణం చెబుతూ ఉండగా నా తప్పు నాకు తెలిసింది. పిల్లలూ, మన తెలుగులో రెండు మాటలు ఉన్నాయి. ఇటుక మీద ఇటుక పెట్టి తన చేత్తో పనిచేసినవాడు "కట్టాడు." ఇతరుల చేత చేయించినవాడు "కట్టించాడు." దీన్ని ప్రేరణార్థకం అంటారు. పాస్నెట్ కట్టించాడు. నేను అడిగింది "ఎవరు కట్టారు?" అని. తరగతిలో సరైన జవాబు రాసినవాడు వాడొక్కడే! తెలుగు చెప్పే పంతులుకు తెలియని తెలుగు ఆ పిల్లవాడికి తెలిసింది.

ఈ సంగతి మా మనవరాలికి చెప్పాను. అది కాసేపు ఊరుకుని, "ఆ తాతగారి పేరు ఎక్కడైనా రాసి ఉన్నదా?" అని అడిగింది. పాస్నెట్ పేరు నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఉన్నది. ఆయన మంచిపని చేశాడు, ఉండవలసిందే. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. మా మనవరాలు ఒక స్తంభం దగ్గరికి వెళ్ళి, ఆ నున్నటి రాతిమీద అరచెయ్యి పెట్టి కొంతసేపు నిలబడింది. నేనూ పెట్టాను. రాయి చల్లగా ఉన్నది.

తిరుగు ప్రయాణంలో ఆకలి వేసి, బస్సు ఆగినచోట పెరుగన్నం తిన్నాం. మా మనవరాలు విస్తట్లో ఒక్క మెతుకు మిగల్చలేదు.

పిల్లలూ, మీ ఊళ్ళో కూడా పాత గుడో, మసీదో, చర్చో, చెరువుకట్టో, బడో ఉంటుంది. దాన్ని ఎవరు కట్టించారో రాతిమీద చెక్కి ఉంటుంది. ఎవరు కట్టారో మాత్రం మీ ఇంట్లో, మీ పక్కింట్లో పెద్దవాళ్ళను అడిగితేనే తెలుస్తుంది. వాళ్ళు ఉండగానే అడిగి, పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

ఆ వెనక బల్ల పిల్లవాడికి ఇప్పుడు యాభై ఏళ్ళు ఉంటాయి. అతని పిల్లలో, మనవలో ఈ పత్రిక చదువుతూ ఉంటే, ఇంట్లో ఈ మాట చెప్పండి: మీ జవాబు సరైనదే. ఒకటికి ఒక మార్కు.